పటంలో లేనివాళ్లు

యూరప్ కొలువుల్లో ఎదిగిన కుటుంబ చిత్రం మద్రాసు, హైదరాబాదుల మీదుగా పరకాల ఫోటో స్టూడియో దాకా నడిచొచ్చింది. వచ్చిన దారిలో ఎవరిని కలుపుకుంది? ఎవరిని వదిలేసింది?

“తాతా, గడ్డం జర పైకెత్తు. పెద్దమ్మా, ఇటు జరుగు. బావా, నీ చెయ్యి కనబడతలేదు!”

పరకాలలో ఏ పెళ్లి పందిట్లోనైనా తలంబ్రాలు అయిపోయాక వినబడే మాటలివి. ఎవరెక్కడ కూర్చోవాలో ఫోటోగ్రాఫరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నడుమ కుర్చీల్లో ఇంటి పెద్దలు. వాళ్ల పక్క కుర్చీ అల్లుడిది. వయసులో చిన్నవాడైనా మర్యాద మర్యాదే. కొడుకులు వెనక నిలబడాలి. పిల్లలు ముందు చాప మీద. కొత్త కోడలు ఓ చివరన సర్దుకుంటుంది. రెండేళ్లకు చంకలో బిడ్డతో వస్తే అదే కోడలు నడుమకు జరుగుతుంది. పొద్దున్నుంచి వంట దగ్గరున్న మనిషిని అందరూ కుదురుకున్నాక కేకేసి పిలుస్తారు. ఒక్కోసారి పిలవడమే మరిచిపోతారు.

ఇలా కొలువు తీరడం మనం పందిట్లో కనిపెట్టింది కాదు. యూరప్ చిత్రకారులు దీన్ని కొన్ని వందల ఏళ్లు సాధన చేశారు. వాళ్లు గీసిన కుటుంబ చిత్రాలను వరసగా చూస్తూ పోతే ఒక సంగతి తేటపడుతుంది. లోకం తమను ఎలా చూడాలని ఆ ఇంటివాళ్లు కోరుకున్నారో ఆ పటం చెబుతుంది. కోరుకున్నదాన్ని గీయించుకున్నారు గనుక కోరుకోనిదాన్ని బయట పెట్టారు. అందుకే కుటుంబ చిత్రం ముందు నిలబడితే ఉన్నవాళ్లను లెక్కపెట్టడం సగం పనే. లేనివాళ్లను వెతకడం మిగతా సగం.

దేవుడి పక్క నుంచి ఇంటి నడుమకు

మొదట్లో కుటుంబం తన కాళ్ల మీద తాను బొమ్మలోకి రాలేదు. దేవుడిని ఆసరా చేసుకుని వచ్చింది. 1470ల్లో ఫ్లాండర్స్ చిత్రకారుడు హ్యూగో వాన్ డెర్ గూస్ ఫ్లోరెన్స్ గుడి కోసం గీసిన మూడు పలకల చిత్రంలో నడుమ పలక క్రీస్తు పుట్టుకది. ఖర్చు పెట్టుకున్న పోర్టినారి అనే వ్యాపారి కొడుకులతో కలిసి ఒక రెక్క మీద మోకరిల్లితే, భార్య కూతురుతో కలిసి మరో రెక్క మీద మోకరిల్లింది. వెనక నిలబడ్డ పునీతులు భారీగా ఉంటే, ముందున్న ఈ కుటుంబం వాళ్ల నడుముల దాకా కూడా రాదు.

మన నేల మీదా ఇదే పద్ధతి. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద విజయనగర కోశాధికారి విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణ పరివారంతో దేవుడి ముందు నిలబడి కనిపిస్తారు. తిరుమల గుడి ప్రవేశంలో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవి, చిన్నాదేవిలతో చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలు కొండకు పోయినవాళ్లందరికీ తెలిసినవే. రాజైనా సరే, భార్యలతో కలిసి బొమ్మలోకి రావాలంటే భక్తుడిగానే రావాలి.

దేవుడు పక్కకు తప్పుకున్నది ఇటలీలో. మాంటువా కోటలో అంద్రేయా మాంటెన్యా 1474లో పూర్తి చేసిన గదిలో గోడ నిండా గొంజాగా కుటుంబమే. దొర లుడోవికో చేతిలో ఉత్తరం పట్టుకుని వెనక్కి తిరిగి కార్యదర్శితో ఏదో మాట్లాడుతున్నాడు. పక్కన భార్య, పిల్లలు, కొలువు మనుషులు. దొర కుర్చీ కింద ముడుచుకు పడుకున్న కుక్కకూ చోటు దొరికింది. పూజ లేదు, మొక్కు లేదు. మేమున్నాం, ఇది మా ఇల్లు, ఇది మా రాజ్యం అని గోడ మొత్తం చెబుతోంది.

అక్కడి నుంచి 1632 దాకా వస్తే లండన్‌లో ఆంథనీ వాన్ డైక్ కనిపిస్తాడు. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్, రాణి, ఇద్దరు పిల్లలు. వెనక లావుపాటి స్తంభం, పైనుంచి జారిన బరువైన తెర, దూరంగా నగరం. ఈ స్తంభాన్ని, తెరను గుర్తుపెట్టుకోండి. వీటితో మనకు ముందుముందు పని ఉంది.

పెళ్లి కుదరని కోడలు

స్పెయిన్ రాజులు ఇలాంటి పటాల్లో రెండు పెద్ద వింతలు వదిలిపోయారు. మొదటిది 1656లో వెలాస్క్వెజ్ గీసిన ‘లాస్ మెనీనాస్’. పాత రాజభవనం జాబితాల్లో దాన్ని కుటుంబ చిత్రంగానే రాసుకున్నారు. నడుమ అయిదేళ్ల రాకుమారి, చుట్టూ చెలికత్తెలు, మరుగుజ్జులు, కుక్క, ఎడంపక్క కుంచె పట్టుకున్న చిత్రకారుడు. రాజూ రాణీ మాత్రం వెనక గోడకున్న చిన్న అద్దంలో మసకగా కనబడతారు. కుటుంబ పెద్దలే పటంలో నీడలయ్యారు.

రెండోది 1800-01లో గోయా గీసిన నాలుగో చార్లెస్ కుటుంబం. మూడు మీటర్లకు పైబడిన వెడల్పు. అందులో రాజకుటుంబం 13 మంది. వెనక చీకట్లో కాన్వాసు ముందు నిలబడ్డ గోయాతో కలిపి 14. ఎడమవైపు నీలం దుస్తుల్లో పెద్ద కొడుకు ఫెర్డినాండ్, అతని పక్కన ఒక పడుచు. ఒంటిమీద ఖరీదైన బట్టలున్నాయి, నిలుచున్న చోటు కాబోయే రాణిది. కానీ ఆమె ముఖం అటు తిప్పుకుంది. ఎందుకంటే ఆమె ఎవరో అప్పటికి ఎవరికీ తెలియదు. ఫెర్డినాండ్‌కు పెళ్లి ఇంకా కుదరలేదు. రేపు వచ్చే కోడలి కోసం చిత్రకారుడు చోటు అట్టిపెట్టి, ముఖం దాచి గీశాడని కళా చరిత్రకారులు చెబుతారు.

కొడుక్కు సంబంధాలు చూస్తున్న ఏ ఇంటివాళ్లకైనా ఈ బొమ్మ చప్పున అర్థమవుతుంది. కోడలి స్థానం ముందే సిద్ధం. మనిషి తర్వాత వస్తుంది.

తండ్రి ఊళ్లో లేడు

రాజుల పటాలు అలా ఉంటే, చిత్రకారుల సొంత ఇళ్ల సంగతి వేరు. హాన్స్ హోల్బైన్ పని కోసం బాసెల్ విడిచి ఇంగ్లండు పోయి, రెండేళ్లకు తిరిగొచ్చి, 1528-29 ప్రాంతంలో భార్యనూ ఇద్దరు పిల్లలనూ గీశాడు. ఆమె కళ్లు ఎర్రబారి, రెప్పలు బరువుగా ఉన్నాయి. ఒక చెయ్యి కొడుకు భుజం మీద ఉంది, ఒళ్లో చంటిది. ముగ్గురిలో ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. చెక్క పలకకు బదులు కాగితం మీద గీశాడు. తర్వాత బొమ్మలను చుట్టూ కత్తిరించి పలకకు అతికించారు. 1532లో హోల్బైన్ మళ్లీ ఇంగ్లండు వెళ్లిపోయాడు.

సూరత్, భివండి, షోలాపూర్ మగ్గాలకు, ఆ తర్వాత దుబాయికి మనుషులను పంపిన మన పల్లెలకు ఈ పటం కథ చెప్పనక్కర్లేదు. తల్లీ పిల్లలూ స్టూడియోకు పోయి ఫోటో దిగి, బాపు ఉన్న ఊరికి కవర్లో పంపిన రోజులు మనవే. ఆ ఫోటోలో తండ్రి ఉండడు. కానీ ఫోటో దిగిందే ఆయన కోసం. రవివర్మ 1893లో గీసిన ‘అదిగో నాన్న’ కూడా ఈ తోవలోదే. కూతురు మహాప్రభ చంకలో బిడ్డతో నిలబడి పక్కకు వేలు చూపిస్తుంది. వస్తున్న నాన్న చట్రానికి బయటే ఉండిపోయాడు.

ఇక ఫ్రాన్సు చిత్రకారుడు ఎడ్గార్ డెగా. మేనత్త లారా బెలెల్లి కుటుంబాన్ని 1858లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి గీశాడు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న మేనత్త నల్లబట్టల్లో నిటారుగా నిలబడింది. ఆమె వెనక గోడకు చిన్న చట్రంలో ఆ పోయిన తండ్రి బొమ్మ వేలాడుతోంది. భర్త మనకు వీపు తిప్పి కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరు కూతుళ్లలో ఒకామె తల్లి దగ్గర ఒదిగింది; రెండో పిల్ల నడుమ కుర్చీ మీద ఒక కాలు మడిచి కూర్చుని ఎటూ కాని చూపు చూస్తోంది. నలుగురూ ఒకే గదిలో ఉన్నారు, ఒకరి కళ్లు మరొకరి కళ్లను కలవవు. పొసగని సంసారాన్ని ఇంత సూటిగా గీసిన పటం ఇంకొకటి చూపించడం కష్టం.

మద్రాసులో, మెట్ల మీద ఇద్దరు పిల్లలు

ఇప్పుడు మన ఇంటి కథకొద్దాం. యూరప్ పద్ధతి కుటుంబ చిత్రం తెలంగాణను తాకిన తొలి ఘట్టాల్లో ఒకటి 1805లో జరిగింది. హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, నగరంలోని పెద్దింటి బిడ్డ ఖైరున్నీసాను ఇస్లాం పద్ధతిలో పెళ్లాడాడు. వాళ్లకు ఇద్దరు పిల్లలు: సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. కోఠిలో తర్వాత మహిళా కళాశాలగా మారిన రెసిడెన్సీ భవనాన్ని కట్టించడం మొదలుపెట్టింది ఈ కిర్క్‌పాట్రిక్కే.

కాలం అప్పటికే మారిపోతోంది. తల్లీ తండ్రీ ఇద్దరూ యూరోపియన్లు కానివారికి కంపెనీ కొలువులు ఇవ్వరాదని 1791లో నియమం పెట్టారు. పిల్లలకు భవిష్యత్తు ఉండాలంటే ఇంగ్లండులో, ఇంగ్లీషు పిల్లలుగా పెరగాలన్నది తండ్రి నిర్ణయం. ఓడ ఎక్కించే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడి చేత ఇద్దరి బొమ్మా గీయించారు.

నిలువెత్తు పటం. మెట్ల పైన ఇద్దరు పిల్లలు, వెనక విప్పుకున్న పెద్ద నల్లటి తెర. వాన్ డైక్ తెరే, కానీ దాని ముందు నిలబడ్డవి హైదరాబాదు దర్బారు దుస్తులు. నాలుగేళ్ల బాబుకు జరీ అంచు ఎర్రటి జామా, మెడలో ముత్యాల పేర్లు. వాడు మనవైపు బెదురు లేకుండా చూస్తున్నాడు. మూడేళ్ల పాప చూపు మాత్రం కిందికే. ఏడ్చి ఏడ్చి అలసిన పిల్లల కళ్ల కింద కనబడే నలుపు చిన్నరీ కుంచెకు చిక్కింది.

తల్లి ఈ పటంలో లేదు. తండ్రీ లేడు. కానీ ఆ ఎర్ర జామా, ఆ ముత్యాలు తల్లి ఇంటివి. ఆ మెట్లు, ఆ తెర తండ్రి దేశానివి. లేని ఇద్దరినీ బట్టలూ వెనక తెరా పట్టిస్తున్నాయి.

సెప్టెంబరులో ఓడ కదిలింది. అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. లండన్‌లో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని పేర్లు మార్చారు. ఖైరున్నీసా మళ్లీ వాళ్లను చూడలేదు. మధ్యలో కొంతకాలం మచిలీపట్నంలో ప్రవాసం గడిపి, 1813లో హైదరాబాదులో కన్నుమూసింది. ముప్పయి ఏళ్లు కూడా నిండలేదు.

పటం వేరే దారి పట్టింది. హైదరాబాదులో తర్వాతి రెసిడెంటుల్లో ఒకడైన హెన్రీ రస్సెల్ చేతికి వచ్చి, ఇంగ్లండులో స్వాలోఫీల్డ్ అనే ఊళ్లోని అతని బంగళాకు చేరింది. కిట్టీ అని అందరూ పిలిచే కేథరిన్ దశాబ్దాల తర్వాత ఆ బంగళాకు వెళ్లి, గోడ మీద తనను, అప్పటికే చనిపోయిన అన్నను చూసి భోరున ఏడ్చింది. రస్సెల్ తన వీలునామాలో పటాన్ని ఆమెకు రాసిచ్చాడు. 1840ల్లో హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నీసాకూ కిట్టీకీ మధ్య ఉత్తరాలు నడిచాయి. ఆ ఇద్దరు స్త్రీలూ మళ్లీ కలుసుకోలేదు. ఇంత జరిగాక ఆ పటం కుటుంబం చేతుల్లోంచి జారిపోయి హాంకాంగ్ బ్యాంకు ఆస్తి అయింది.

లక్నో బాలుడు, హైదరాబాదు సాహుకారు

ఖైరున్నీసాకు ఒక ఆప్తురాలు ఉండేది. పేరు ఫైజ్ బక్ష్. కంపెనీ అధికారి విలియం పామర్ భార్య. కిర్క్‌పాట్రిక్ పిల్లల పటానికి ఇరవై ఏళ్ల ముందే, 1785-86 ప్రాంతంలో లక్నోలో ఈ కుటుంబం బొమ్మ గీయించుకుంది. ఎర్రకోటు పామర్ పక్కన నగలతో నేలమీద కూర్చున్న ఫైజ్ బక్ష్, ఒళ్లో చంటివాడు, చుట్టూ పిల్లలూ ఆడవాళ్లూ. చిత్రం అసంపూర్తిగా ఆగిపోయింది. దీన్ని జోఫనీ గీశాడా, రెనాల్డీ గీశాడా అన్నదానిపై తగువు ఇంకా తెగలేదు. ప్రస్తుతం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

యూరప్ కుటుంబ చిత్రానికి నేర్పిన వరస ఇక్కడ కొత్త పని చేసింది. పటంలో భార్యకు చోటు దొరికింది. ఆమె తన దేశపు బట్టల్లో, తన పద్ధతిలో నేలమీద కూర్చుంది. ఖైరున్నీసాకు దక్కని చోటు స్నేహితురాలికి దక్కింది.

ఆ పటంలో చిన్న పిల్లవాడిగా ఉన్న విలియం పెద్దయ్యాక హైదరాబాదు చేరాడు. తల్లి కారణంగా కంపెనీ కొలువు అందదు గనుక నిజాం సైన్యంలో పనిచేశాడు. 1814లో విలియం పామర్ అండ్ కంపెనీ పెట్టి నిజాం సర్కారుకే అప్పులిచ్చాడు. భారీ వడ్డీ, 1820 నాటి 60 లక్షల అప్పు, రెసిడెంటు మెట్‌కాఫ్‌తో గొడవ, చివరికి పామర్ కంపెనీ దివాలా. ఈ వ్యవహారం లండన్ దాకా పోయి రచ్చకెక్కింది. పామర్ మాత్రం హైదరాబాదు వదల్లేదు. 1867లో ఇక్కడే పోయాడు. పరకాల కూడా ఆ నిజాం ఏలుబడిలోని ఊరే. లక్నో పటంలోని పసివాడు మన సర్కారు ఖజానాకు అప్పుల సాహుకారు అయ్యాడు.

అదే తెర, అదే స్తంభం

1839లో పారిస్‌లో డాగెర్ ఫోటో పద్ధతి వెల్లడయ్యాక కుటుంబ పటం రాజుల చేతిలోంచి బయటపడింది. వచ్చిన కొత్తలో ఫోటోగ్రాఫర్లకు తమదంటూ ఒక అమరిక లేదు. అందుకే చిత్రకారుల సరంజామా ఎత్తుకొచ్చారు. గుడ్డమీద గీసిన స్తంభం, మడతల తెర, చెక్కిన కుర్చీ, పూలకుండీ పెట్టిన బల్ల. లండన్ గుమస్తా వాన్ డైక్ రాజులా నిలబడి ఫోటో దిగాడు.

ఆ సరంజామా హైదరాబాదుకు తెచ్చినవారిలో రాజా దీన్‌దయాళ్ ముఖ్యుడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు. 1892లో ఆయన పరదా పాటించే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల పనంతా ఆడవాళ్లదే, బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళది. ఖైరున్నీసా పోయిన ఎనభై ఏళ్లకు హైదరాబాదు దేవిడీల తల్లులు మరో ఆడమనిషి ముందు కూర్చుని పటంలోకి రాగలిగారు.

పెద్దింటి నుంచి పేటకు, పేట నుంచి తాలూకా ఊరికి ఆ తెర దిగి రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. పరకాల లాంటి ఊళ్లలో నలుపు తెలుపు ఫోటోల కాలం చూసినవాళ్లకు ఆ స్టూడియో గుర్తుండే ఉంటుంది. గోడకు వేలాడే గుడ్డ మీద మేడ మెట్లు, తెల్లటి స్తంభం, చెరువులో తామరలు, పక్కకు లాగిన తెర. పత్తి అమ్మిన డబ్బులతో అంగడికి వచ్చిన కుటుంబం, కాళ్లకు దుమ్ముతోనే, వెనిస్‌లోనో విండ్సర్‌లోనో ఉండాల్సిన మెట్ల ముందు బిగుసుకుని నిలబడేది. ఆ మెట్లు ఎక్కడివో గీసిన పెయింటరుకూ తెలియదు, దిగినవాళ్లకూ తెలియదు. చూడటానికి గొప్పగా ఉన్నాయి, అంతే చాలు. మొదటి చార్లెస్ కోరుకున్నదీ ఆ గొప్పే.

పోయినవాళ్లను రప్పించే పని

స్టూడియోవాళ్లకు ఇంకో పని ఉంది. దానికి కెమెరా అక్కర్లేదు. ఇంటి పెద్ద పోతాడు. పెద్దకర్మ నాటికి పటం కావాలి. ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు మీది ఫోటో ఒక్కటే. దాన్నే పెద్దది చేసి, వెనక నీలం రంగు వేసి, ముఖం మీది మచ్చలు తుడిచి, ఒక్కోసారి జీవితంలో ఎన్నడూ తొడగని కోటు తొడిగి అద్దం కట్టిస్తారు. ఇప్పుడు ఇంకో అడుగు ముందుకు పోయారు. కొడుకు గృహప్రవేశం ఫోటోలో ఎన్నడో పోయిన తల్లిదండ్రులను కంప్యూటరులో తెచ్చి నడుమ కుర్చీల్లో కూర్చోబెడతారు. చూసి నవ్వేవాళ్లుంటారు. కానీ ఈ పనికి పెద్ద వంశమే ఉంది.

లండన్ నేషనల్ గ్యాలరీలో విలియం హోగార్త్ 1742లో గీసిన గ్రాహం పిల్లల చిత్రం ఉంది. తండ్రి రాజుగారి ఔషధాల అధికారి. నలుగురు పిల్లలు. ఎడమవైపు చిన్న బండిలో కూర్చున్న పసివాడు థామస్, అక్క పట్టుకున్న చెర్రీపళ్ల కోసం చెయ్యి చాపుతున్నాడు. కుడివైపు అన్న రిచర్డ్ ఓ వాయిద్యం తిప్పుతూ, పంజరంలో పిట్ట తన పాటకే రెక్కలు ఆడిస్తోందని మురిసిపోతున్నాడు. అతని వెనక కుర్చీ అంచెక్కిన పిల్లి పిట్టను మింగేలా చూస్తోంది. రెక్కలు కొట్టుకుంటున్నది ఆ భయానికి. పైన గడియారం మీద కొడవలి పట్టిన చిన్న బొమ్మ. పటం పూర్తయ్యేనాటికి థామస్ బతికి లేడు. పిల్లీ కొడవలీ ఆ సంగతిని చాటుగా చెబుతున్నాయి. పసివాడు మాత్రం అక్క చేతిలోని పండుకేసి ఇంకా చూస్తూనే ఉన్నాడు.

పరకాలలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు చేసేది, హోగార్త్ చేసింది ఒకే పని. ఆయనకు పనితనం ఎక్కువ, ఈయనకు తొందర ఎక్కువ. ఇద్దరి దగ్గరికీ వచ్చినవాళ్లు అడిగింది ఒక్కటే: మా వాళ్లంతా ఒక్కచోట ఉండాలి.

వెనకవైపు రాయండి

ఇప్పుడు పటాలకు కొదవ లేదు. ఒక్క పెళ్లికే వేల ఫోటోలు. కొదవ వచ్చిందల్లా పేర్లకు. పామర్ పటంలో ఫైజ్ బక్ష్ పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఎవరో పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, ఎవరూ రాసి పెట్టలేదు గనుక. తిరుమలలో రాయల పక్కనున్నది తిరుమలదేవా, చిన్నాదేవా అన్న సందేహం ఎవరికీ రాదు, పేర్లు విగ్రహాల మీదే చెక్కి ఉన్నాయి గనుక.

మన గోడల మీది పటాల్లో సగం ముఖాలకు పేర్లు చెప్పగలిగింది ఇంట్లో ఒక్క ముసలామె. ఆమె ఉన్నప్పుడే అడగాలి. ఈ ఆదివారం ఓ పటం దించి, మెత్తని పెన్సిలుతో వెనకవైపు పేర్లు రాయండి, ఏ ఊరు, ఏ ఏడు అన్నదీ రాయండి. కుర్చీల్లో ఉన్నవాళ్లతో మొదలుపెట్టి చివర నిలబడ్డ కోడలి దాకా అందరి పుట్టింటి పేర్లతో సహా. తర్వాత కింద ఇంకో వరుస రాయండి: ఆ రోజు పటంలో లేనివాళ్లు ఎవరు, ఎందుకు లేరు. వంట దగ్గర ఉన్నదెవరు, భివండిలో ఉన్నదెవరు, మాటల్లేక రానిదెవరు, కెమెరా వెనక నిలబడ్డదెవరు. రాజుల ఇళ్ల పటాలకు ఈ రెండో వరుస రాయడానికి చరిత్రకారులు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. మన ఇంటి పటానికి దాన్ని మనమే రాసుకోవచ్చు.